సమాధానం కావాలంటే ముందు సమాధానం చెప్పాలె

2025 అక్టోబర్ల రెండు ఫొటోలు మనందరి ఫోన్లకు వచ్చినయ్. ఒకటి మహారాష్ట్రల గడ్చిరోలిది. పెద్దపల్లిల పుట్టి, మావోయిస్టు పార్టీ పొలిట్‌బ్యూరో మెంబర్ అయిన మల్లోజుల వేణుగోపాల్‌రావు, 60 మందితోని కలిసి ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి ముందట తుపాకి అప్పజెప్పిండు. రెండోది ఛత్తీస్‌గఢ్‌ల జగదల్‌పూర్‌ది. అక్కడ రెండు వందల మందికి పైగా ఒక్కనాడే అడివి నుంచి బయటకొచ్చిన్రు. ఏండ్లకేండ్లు నడిచిన లొల్లి ఇగ ఒడిసినట్టేనని టీవీలోళ్లు చెప్పిన్రు.

తుపాకి దించుడు ఒక్క పొద్దు పని. దించినంక ఊర్ల మనుషులు ఎట్ల బతకాలె అనేది ఏండ్ల పని. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలల్ల ఏ ఊరికి పోయినా ఈ ముచ్చట సమజైతది. ఒక ఇంట్ల గోడకు ఎన్‌కౌంటర్ల పోయిన కొడుకు ఫొటో ఉంటది. ఇంకో వాడల, ఇన్‌ఫార్మర్ అని ముద్ర వేసి చంపిన తండ్రి ఫొటో ఉంటది. పక్క ఊర్ల, మందుపాతర పేలి పోయిన పోలీస్ కానిస్టేబుల్ ఫొటో ఉంటది. ఈ మూడిండ్లోళ్లు ఒకే రేషన్ షాపు కాడ నిలబడుతరు, ఒకే అంగడికి పోతరు. కానీ మా ఇంట్ల ఏం జరిగిందో చెప్తం, మీరు వినుండ్రి అని ఒకరికొకరు అనుకునే జాగ మాత్రం ఊర్ల యాడా లేదు.

కొట్లాట అయిపోయినంక మనుషులను మళ్ల ఒక్క కాడికి తెచ్చే పనిని లోకంల చానా దేశాలల్ల చర్చిలు నెత్తికెత్తుకున్నయ్. కొన్ని కాడ ఆ పని అక్కరకొచ్చింది. కొన్ని కాడ చర్చే తప్పు చేసి తల దించుకున్నది. అసలు క్రైస్తవం ఈ పనిల ఎట్ల సాయపడ్డది, ఎక్కడ ఫెయిలయ్యింది, మన దోర్నకల్ చరిత్ర నుంచి మనం ఏం నేర్చుకోవచ్చు అనేది జెర వివరంగ చూద్దాం.

ఒక్క మాట, రెండు అర్థాలు

చర్చికి పోయేటోళ్లకు ‘సమాధానం’ అంటే శాంతి. తెలుగు బైబిల్ల శాంతికి ఎక్కువ వాడే మాట ఇదే. పగ ఉన్నోళ్లు మళ్ల ఒక్కటైతే ‘సమాధానపడ్డరు’ అంటరు. అదే బడికి పోయే పిలగానికి సమాధానం అంటే జవాబు. పరీక్ష పేపర్ల ప్రశ్న కింద రాసేది.

ఈ రెండు అర్థాలు ఒకదాని ఎనుక ఒకటి నడుస్తయ్. నా కొడుకును ఎవలు చంపిన్రు, ఎందుకు చంపిన్రు, ఆఖరిసారి మొకం కూడ ఎందుకు చూడనియ్యలేదు అని ఒక తల్లి అడిగితే, ఆమెకు ముందు జవాబు రావాలె. శాంతి దాని తర్వాత వస్తది. జవాబు చెప్పకుండ, అయిందేదో అయింది ఇగ మర్చిపో అంటే, అది ఆమె నోరు మూయించుడే.

బైబిల్ల కూడ ఇదే వరుస ఉంది. నువ్వు కానుక పట్టుకొని బలిపీఠం కాడికి వచ్చినప్పుడు, నీ మీద నీ తోబుట్టువుకు ఏదన్న బాధ ఉన్నదని యాదికొస్తే, కానుక అక్కడ్నే పెట్టి ముందు పోయి వాళ్లతోని సమాధానపడి రమ్మంటడు యేసు. ఎవల వల్ల బాధ అయిందో వాళ్లే నడిచి పోవాలె. జక్కయ్య కథల ఇంకో మెట్టు ఉంటది. పన్నులు వసూలు చేసే జక్కయ్య మారిపోయిన అని ఊకనే అనలేదు. ఆస్తిల సగం పేదోళ్లకు ఇస్త, అన్యాయంగ గుంజుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్త అన్నడు. అంటే నిజం ఒప్పుకునుడు, గుంజుకున్నది తిరిగిచ్చుడు అనే రెండు మెట్లు ఎక్కినంకనే క్షమాపణ ముచ్చట. ఈ వరుస పాటించిన కాడ చర్చి అక్కరకొచ్చింది. వరుస తప్పిన కాడ దెబ్బతిన్నది.

దక్షిణాఫ్రికా: నిజం చెప్తెనే మాఫీ

ఈ వరుసను చట్టంగ రాసుకున్న దేశం దక్షిణాఫ్రికా. 1948 నుంచి అక్కడ తెల్లోళ్ల సర్కారు నల్లోళ్లను వేరు వాడలల్ల, వేరు బడులల్ల పెట్టింది. మన ఊర్ల వెలివాడల లెక్కనే, కాకపోతే ప్రతి దానికి ఒక చట్టం ఉండె. 1994ల ఎన్నికలు జరిగి నెల్సన్ మండేలా అధ్యక్షుడు అయినంక, పాత పాపాలకు లెక్క ఎట్ల అనే ప్రశ్న వచ్చింది. అందరినీ జైల్ల వేస్తే మళ్ల యుద్ధం మొదలైతది, అందరినీ వదిలేస్తే చచ్చినోళ్లకు అన్యాయం అయితది. నడిమి తొవ్వగ 1995ల ఒక చట్టం చేసి, నిజం, సయోధ్య కమిషన్ పెట్టిన్రు. దానికి చైర్మన్ ఆంగ్లికన్ ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ.

1996 ఏప్రిల్ల విచారణలు షురూ అయినయ్. 21 వేల మందికి పైగా బాధితులు తమ కథ రాసిచ్చిన్రు. కొందరు జనం ముందట నిలబడి చెప్పిన్రు. అది రేడియోల, టీవీల వచ్చింది. చంపినోళ్లకు ఒక్కటే షరతు పెట్టిన్రు: చేసింది రాజకీయ కారణంతోని అయ్యుండాలె, మొత్తం నిజం చెప్పాలె. అప్పుడే మాఫీ. 7,112 మంది అర్జీ పెట్టుకుంటే 849 మందికే మాఫీ దొరికింది. ఊకనే సారీ అంటే వదిలిపెట్టలేదు.

చర్చి కూడ బోనుల నిలబడ్డది. అక్కడి డచ్ రిఫార్మ్‌డ్ చర్చి ఏండ్ల తరబడి మనుషులను వేరు చేసుడే దేవుని చిత్తమని బైబిల్ చూపించి చెప్పింది. 1997 నవంబర్ల మత సంస్థల కోసం వేరే విచారణ పెడితే, చానా చర్చిలోళ్లు వచ్చి ఆ పాపంల తమ పాలెంతో చెప్పుకున్నరు.

లోపాలు కూడ తెలుసుకోవాలె. పోలీసుల చేతుల చచ్చిపోయిన స్టీవ్ బీకో ఇంటోళ్లు మాఫీ వద్దు, న్యాయం కావాలె అని కోర్టుకు పోయిన్రు. కోర్టు చట్టాన్ని నిలబెట్టింది. అయితే బీకోను కొట్టిన పోలీసులకు 1999ల కమిషన్ మాఫీ ఇయ్యలేదు, ఎందుకంటే వాళ్లు పూర్తి నిజం చెప్పలేదు. ఇగ బాధితులకు ఇచ్చే సాయం ఏండ్లు లేటయింది. 2003ల ఒక్కొక్కరికి ఒక్కసారి 30 వేల ర్యాండ్లు ఇచ్చి చేతులు దులుపుకున్నరు. చాలామంది నల్లోళ్లు మేం మాఫీ చేసినం, భూములు మాత్రం వాళ్ల కాడ్నే ఉన్నయ్ అని ఇయ్యాల్టికీ అంటరు. నిజం చెప్పే మెట్టు ఎక్కిన్రు, జక్కయ్య మెట్టు కాడ ఆగిపోయిన్రు.

రువాండా: గుడే వధశాల అయిన కాడ

దక్షిణాఫ్రికాల చర్చి తప్పు ఒప్పుకొని ముందుకొచ్చింది. ఆఫ్రికాల్నే రువాండాల కథ ఇంకా ఘోరం. అక్కడ జనం ఎక్కువ మంది క్రైస్తవులే. 1994ల వంద రోజుల్ల దాదాపు 8 లక్షల మందిని, ఎక్కువగా టుట్సీ తెగోళ్లను, చంపిన్రు. పానం దక్కించుకుందామని చర్చిలల్లకు ఉరికినోళ్లను ఆ చర్చిలల్లనే చంపిన్రు. ఒక ఫాదర్ తన చర్చిల దాక్కున్న జనం మీద ఆ బిల్డింగునే బుల్డోజర్లతోని కూలగొట్టించిన కేసుల, అంతర్జాతీయ కోర్టు ఆయనకు జీవిత ఖైదు వేసింది.

2017ల పోప్ ఫ్రాన్సిస్ రువాండా అధ్యక్షుని ముందట చర్చి చేసిన పాపాలకు మాఫీ అడిగిండు. అంటే 23 ఏండ్ల తర్వాత. ఇంతల ఊర్లల్ల గచాచా అనే పంచాయితీలు 2012 దాకా కూసోని లక్షల కేసులు విన్నయ్. ఆదివారం ఒక్క పాట పాడుకునే జనం సోమవారం ఒకరినొకరు నరుక్కున్నరు. మతం ఒక్కటైతే మనుషులు ఒక్కటైతరు అనేది ఉత్త భ్రమ అని రువాండా చూపించింది.

నాగా, మిజో కొండలు: నడుమ నిలబడ్డ చర్చి

మన దేశంల చూస్తే, ఈశాన్యంల చర్చి పాత్ర పెద్దది. నాగాలకు, ఢిల్లీ సర్కారుకు నడుమ యుద్ధం నడుస్తున్నప్పుడు, 1964ల నాగా బాప్టిస్టు చర్చిలు ముందుపడి ఒక శాంతి బృందాన్ని కూర్చినయ్. అండ్ల ముగ్గురు: జయప్రకాశ్ నారాయణ్, అస్సాం ముఖ్యమంత్రి బి.పి. చలిహా, ఇంగ్లండ్ నుంచి వచ్చిన రెవరెండ్ మైఖేల్ స్కాట్. ఆ ఏడు సెప్టెంబర్ 6న కాల్పులు ఆగినయ్. ఒప్పందం మాత్రం కుదరలేదు, చర్చలు కొన్నేండ్లకు చెడిపోయినయ్. కానీ కాల్పులు ఆగిన ఆ కొన్నాళ్లు ఊర్లల్ల జనం పొలం పోయి ఇంటికి రాగలిగిన్రు.

మిజోరంల 1966 మార్చిల తిరుగుబాటు లేచింది. మన సర్కారు విమానాలే ఐజ్వాల్ మీద బాంబులు వేసినయ్. ఊర్లకు ఊర్లు ఖాళీ చేయించి, జనాన్ని రోడ్ల పక్కన క్యాంపులల్ల కుక్కిన్రు. ఇరవై ఏండ్ల తర్వాత, 1986 జూన్ 30న ఒప్పందం కుదిరింది. అప్పటిదాక చర్చి పెద్దలు అడివిల ఉన్నోళ్లతోని, ఢిల్లీల ఉన్నోళ్లతోని మాట్లాడుకుంటనే ఉన్నరు. 1987ల మిజోరం రాష్ట్రమైంది. తుపాకి పట్టిన లాల్‌డెంగానే ముఖ్యమంత్రి అయిండు. ఆ ఒప్పందం ఇప్పటికీ నిలబడ్డది.

అక్కడ చర్చి మాట నడిచిందంటే కారణం ఉంది. దాదాపు ఊరు మొత్తం క్రైస్తవులే. రెండు దిక్కులా మనుషులకు పాస్టర్ తెలిసినోడే. మన కాడ అట్ల కాదు. క్రైస్తవులు కొద్దిమంది, అండ్ల ఎక్కువమంది మాల, మాదిగ వాడల బిడ్డలు. ఊర్ల దెబ్బలు తిన్నోళ్లే తప్ప పంచాయితీ చెప్పినోళ్లు కాదు. మరి అసొంటి చర్చి మనకు ఏం చెప్పగలదు? దానికి దోర్నకల్ పోవాలె.

దోర్నకల్: మూడు కలుపుళ్లు

ఇప్పటి మహబూబాబాద్ జిల్లాల ఉన్న దోర్నకల్ అప్పట్ల నిజాం రాజ్యంల ఒక రైల్వే జంక్షన్. తమిళనాడు తిరునల్వేలి దిక్కు నుంచి వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909ల ఇక్కడికి వచ్చిండు. ఆయనను పంపింది తెల్లోళ్ల మిషన్ కాదు. 1903ల మనోళ్లే, మన పైసలతోని పెట్టుకున్న ఇండియన్ మిషనరీ సొసైటీ. ఆయన తెలుగు నేర్చుకొని ఊర్లు తిరిగిండు. 1912 డిసెంబర్ 29న కలకత్తాల బిషప్ అయిండు. ఆంగ్లికన్ చర్చిల మొదటి భారతీయ బిషప్ ఆయననే.

ఆయన కలపబోయింది మూడింటిని. మొదటిది తెల్లోళ్లకు, మనోళ్లకు నడుమ ఉన్న ఎడం. 1910ల స్కాట్లండ్ ఎడిన్‌బరోల ప్రపంచ మిషనరీల సభ జరిగితే, అక్కడ నిలబడి మొకం మీదనే అడిగిండు. మీ త్యాగాలు మాకు తెలుసు, మీ దానాలు మాకు అందినయ్, కానీ మీరు మాకు దోస్తులు అయితలేరు అన్నది ఆయన మాటల సారం. సభల కొందరికి కోపమొచ్చింది. ఆయన మాత్రం మెత్తగ మాట్లాడి ఒప్పించుకుందామని అనుకోలేదు, జవాబు అడిగిండు.

రెండోది కులం. ఆయన కాలంల డయోసిస్ల రెండు లక్షల మందికి పైగా క్రైస్తవులు అయిన్రు, ఎక్కువగా మాలలు, మాదిగలు. ఊర్ల వాళ్ల వాడలు వేరు, బావులు వేరు. చర్చిల మాత్రం ఒకే చాప మీద కూసోవాలె, ప్రభువు బల్ల కాడ ఒకే గిన్నెల తాగాలె. చెప్తే చిన్న ముచ్చటే, చేస్తే శానా పెద్దది. అయినా ఇది పూర్తిగ గెలిచిన కథ కాదు. ఎన్నో కాడ మాలల చర్చి, మాదిగల చర్చి వేరుగనే ఉన్నయ్. పెండ్లి సంబంధాల కాడ, కమిటీ ఎన్నికల కాడ కులం మళ్ల లేస్తనే ఉంటది.

మూడోది చర్చిల నడుమ కొట్లాట. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు ఎవల దుకాణం వాళ్లదే. ఒకరి పాస్టర్‌ను ఇంకొకరు పాస్టరే కాదనేటోళ్లు. ఐరోపాల పుట్టిన ఆ లొల్లిని మన ఊర్లకు తెచ్చిన్రు. 1919ల తరంగంబాడిల అజరయ్య, ఇంకో 30 మందికి పైగా కూసోని, ఇగ ఒక్కటైదాం అని పిలుపిచ్చిన్రు. ఆ మాటలు 28 ఏండ్లు నడిచినయ్. 1947 సెప్టెంబర్ 27న మద్రాసుల దక్షిణ ఇండియా సంఘం, అంటే సీఎస్ఐ, పుట్టింది. దేశం రెండు ముక్కలై పంజాబ్‌ల నెత్తురు పారుతున్న ఆ రోజులల్లనే ఇక్కడ నాలుగు సంప్రదాయాల చర్చిలు ఒక్కటైనయ్. అజరయ్య దాన్ని చూడలేదు. 1945 జనవరి 1న దోర్నకల్లనే కన్ను మూసిండు.

అది ఎట్ల సాధ్యమైందో చూడుండ్రి. నీ పాస్టర్‌కు మళ్ల కొత్తగ అభిషేకం చేయాలె అని ఎవలనీ అనలేదు. ఉన్నోళ్లందరినీ ఉన్నట్టే ఒప్పుకున్నరు. ఇష్టం లేని ఆరాధన పద్ధతిని, ఇష్టం లేని పాస్టర్‌ను ఏ సంఘం మీదా రుద్దం అని రాతల రాసుకున్నరు. అజరయ్య డయోసిస్లనే నంద్యాల దిక్కోళ్లు మేం రామని బయట ఉండిపోయిన్రు. వాళ్లను గుంజుకొచ్చి కలపలేదు, ఏండ్లకేండ్లు ఎదురుచూసిన్రు. 1950ల సీఎస్ఐ కొత్త ఆరాధన క్రమం రాసుకున్నప్పుడు, పక్కోని చేతులు పట్టుకొని ‘సమాధానం’ ఇచ్చిపుచ్చుకునే పాత ఆచారాన్ని మళ్ల తెచ్చిన్రు. తర్వాత లోకంల చానా చర్చిలు దాన్నే పట్టుకున్నయ్.

దోర్నకల్ల 1939 జనవరి 6న ప్రతిష్ఠ చేసిన ఎపిఫనీ కెథడ్రల్‌ను ఒక్కసారి పోయి చూడుండ్రి. గుడి మండపం తీరు స్తంభాలు, మసీదు తీరు గుమ్మటాలు ఒక్క బిల్డింగుల కనబడుతయ్. దేశంల క్రైస్తవులకు వేరే ఓటర్ల లిస్టు వద్దు అని అజరయ్య కొట్లాడింది కూడ ఆ 1930లల్లనే. మత మార్పిడి మీద గాంధీకి, ఆయనకు పడలేదు. అయినా మా జనం దేశంల కలిసే ఉండాలె, వేరే గూడు కట్టుకోవద్దు అన్న మాట మీద ఆయన నిలబడ్డడు.

మన గడ్డ మీద జవాబు రాని ప్రశ్నలు

కెథడ్రల్ కట్టి పదేండ్లు కాకముందే చుట్టూ నిప్పంటుకున్నది. 1946 జులై 4న, ఇప్పటి జనగామ జిల్లా కడవెండిల విస్నూర్ దేశ్‌ముఖ్ మనుషుల కాల్పులల్ల దొడ్డి కొమురయ్య నేలకొరిగిండు. పాలకుర్తిల చాకలి ఐలమ్మ భూమి కోసం కొట్లాడింది. రజాకార్లు ఊర్ల మీద పడ్డరు. 1948 సెప్టెంబర్ల పోలీస్ యాక్షన్ అయింది. ఆ తర్వాత నిజాం రాజ్యంల ఏ పాపం తెల్వని ముస్లింలను వేల మందిని చంపిన్రు. విచారణ చేసిన పండిత్ సుందర్‌లాల్ కమిటీ రిపోర్టును దశాబ్దాల పాటు బయట పెట్టనే లేదు. ఇటు కమ్యూనిస్టుల మీద మిలిటరీ దాడులు నడిచినయ్. 1951 అక్టోబర్ 21న సాయుధ పోరాటం ఆగింది.

అదే ఏడు ఏప్రిల్ 18న పోచంపల్లిల వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చిండు. అది మంచి పనే. కానీ భూమి దానం లెక్క వచ్చింది, లెక్క చెప్పి ఇచ్చింది కాదు. ఎవల భూమి ఎవలు గుంజుకున్నరు, ఎవలను ఎవలు కొట్టిన్రు అనే విచారణ ఏ ఊర్లా కాలేదు. ఆ మంట అట్లనే లోపల ఉండి, ఇరవై ఏండ్లకు నక్సల్బరి పేరు మీద మళ్ల లేసింది.

జవాబులు అడిగే పని మన కాడ చేసినోళ్లు పాస్టర్లు కాదు. రిటైరైన ఐఏఎస్ ఆఫీసర్ ఎస్.ఆర్. శంకరన్, ఆయనతోని కొందరు పెద్దమనుషులు 1997 నుంచి ‘పౌర స్పందన వేదిక’గ ఏర్పడి, పోలీసుల కాల్పులల్ల పోయినోళ్ల ఇండ్లకు పోయిన్రు, నక్సలైట్లు చంపినోళ్ల ఇండ్లకూ పోయిన్రు. ఇద్దరినీ ప్రశ్నలు అడిగిన్రు. దాని ఫలితమే 2004 అక్టోబర్ల హైదరాబాద్ల సర్కారుతోని జరిగిన చర్చలు. 2005 జనవరికల్లా అవి చెడినయ్. అయినా రెండు దిక్కులా చచ్చినోళ్లకు ఒక్క తీరు కన్నీళ్లు పెట్టే పద్ధతి వాళ్లే నేర్పిన్రు.

మన ఊరి చర్చి ఏం చేయాలె

ఇది మతం పని కాదు, సర్కారు పని అని కొందరంటరు. కేసులు, మాఫీలు సర్కారు చేతులల్ల ఉన్న మాట నిజమే. దక్షిణాఫ్రికాలకు మల్లె మన కాడ చట్టం లేదు, ఏ పాస్టర్ ప్రార్థన చేసినా కేసు కొట్టేయరు. కానీ వినుడుకు చట్టం అవసరం లేదు. ఆదివారం చర్చిల ‘సాక్ష్యం’ చెప్పే అలవాటు ఉంది. జ్వరం తగ్గింది, నౌకరి వచ్చింది అని చెప్పే ఆ జాగల, మా నాయిన ఎట్ల పోయిండో చెప్తా అనే మాటకు కూడ చోటియ్యాలె. నవంబర్ 2న సమాధుల పండుగ నాడు మనోళ్ల సమాధుల మీదనే కాదు, ఊర్ల ఏ దిక్కు నుంచి చచ్చినోళ్లైనా అందరి పేర్లు చదవొచ్చు.

దీనికి మూడు షరతులు ఉండాలె. ఒకటి, దీంట్ల మతం మార్చే పని పెట్టుకోవద్దు. దుఃఖంల ఉన్నోని కాడికి ఓదార్పు పేరుమీద పోయి లెక్క పెంచుకుంటే నమ్మకం పోతది, పోవాల్సిందే కూడ. రెండు, ముందు సొంత ఇల్లు సదురుకోవాలె. రెండు కులాలకు రెండు చర్చిలు పెట్టుకొని, చర్చి ఆస్తుల మీద కోర్టుల చుట్టు తిరుగుకుంట ఊరికి సమాధానం బోధిస్తే ఎవలు వింటరు? మూడు, మాఫీ చేయమని బాధితులను ఎన్నడూ బలవంతం చేయొద్దు. అది ఇచ్చేటోళ్ల ఇష్టం. ఇయ్యకపోయినా వాళ్లు పాపాత్ములు కాదు.

జక్కయ్య మెట్టు కూడ మరువొద్దు. లొంగిపోయి వచ్చినోళ్లకు పాత కేసుల కాగితాలు, ఆధార్, నౌకరి. చచ్చినోళ్ల ఇంటోళ్లకు డెత్ సర్టిఫికెట్, పరిహారం, పాస్‌బుక్. ఈ పనులకు ఎమ్మార్వో ఆఫీసు చుట్టు తిరిగే ఓపిక ఉన్నోళ్లు కావాలె. చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెండ్లు ఇది చేయగలరు. మీరు చర్చికి పోయేటోళ్లైనా, గుడికి పోయేటోళ్లైనా, మసీదుకు పోయేటోళ్లైనా, ఎక్కడికీ పోనోళ్లైనా సరే. మీ ఊరి ముసలోళ్ల కాడ కూసోని వాళ్ల మాటలు ఫోన్ల రికార్డు చేసుకోండ్రి. వాళ్లు ఒప్పుకోకుండ మాత్రం స్టేటస్ పెట్టకుండ్రి, పేర్లు బయటపడితే వాళ్లకే ఆపద. ఆ తరం పోతే ప్రశ్న అడిగేటోళ్లు కూడ మిగలరు.

అడివి నుంచి వచ్చేటోళ్లు వస్తున్నరు. వాళ్లు దిగేది మన ఊరి బస్టాండ్లనే. వాళ్లు ఎవల కొడుకును చంపిన్రో ఆ తల్లి కూడ అదే బస్టాండ్ల కూరగాయలు అమ్ముతుండొచ్చు. వాళ్ల దోస్తును ఎవలు పట్టిచ్చిన్రో వాళ్లూ అక్కడ్నే ఉండొచ్చు. ఆ రోజు మనం ఇన్నేండ్ల లెక్కనే నోరు మూసుకుంటే, ఈ మంట ఇంకో ఇరవై ఏండ్లకు ఇంకో పేరు మీద లేస్తది. ఆ నాలుగు సంప్రదాయాల చర్చిలు ఒక్కటయ్యేటందుకు 28 ఏండ్లు పట్టింది. మనం ఇయ్యాల షురూ చేసినా తొందరపడ్డట్టు కాదు.